తవుడుకి అమ్మిన పాప

గౌరినాయుడిలో ఒక గొప్ప సుగుణం ఉంది. అతను ఏ మిషనుకీ మాన్యువల్ చదవడు. ఎదురుగా మనిషిని పెట్టుకుని పక్కింటివాళ్ళని అడిగి అతని సంగతి తెలుసుకోవడం ఎంత అమర్యాదో, మాన్యువల్ చదవడం కూడా అంతేనని అతని సిద్ధాంతం. చెవి ఆనించి వింటే మిషనే తన బాధ చెప్పుకుంటుందట. విజయనగరం గంటస్తంభం దగ్గర అతని దుకాణంలో మిక్సీలు, డ్రోన్లు, మాట్లాడే ఫ్రిజ్‌లు వరసగా పడుకుని ఈ సిద్ధాంతం ఫలితాల కోసం ఎదురుచూస్తుంటాయి. "చదివి నేర్చుకోడం ఎవడైనా చేస్తాడు. నాను పాడుచేసి నేర్చుకున్నాను," అని అతనే అంటుంటాడు.

ఇప్పుడా చెవి పిల్లల ఆసుపత్రిలో ఒక గాజుపెట్టెకి ఆని ఉంది. లోపల గుప్పెడంత కూతురు. నెలలు నిండకుండా నిన్న పుట్టేసింది.

"ఏటంటోంది?" అంది భార్య వరాలు, చక్రాల కుర్చీలోంచి.

"మోటారు బావుంది."

"నాను మోటారు సంగతి అడిగేనా మావా?"

పెట్టె పేరు ఒడి. పాతకాలం ఇంక్యుబేటర్ పిల్లల్ని వెచ్చగా ఉంచేది, అంతే. ఒడి అలా కాదు. పాప తీసే ప్రతి ఊపిరినీ వింటుంది. ఎంత గాలి కావాలో, ఏ మందు ఎప్పుడు పడాలో తనే లెక్కగట్టి ఇస్తుంది. మనుషులతో మాట్లాడుతుంది కూడా. ప్రమాదమున్న వైద్యం ఏది చెయ్యాలన్నా తల్లిదండ్రుల అనుమతి అడుగుతుంది. సంతకాలు పోయాయి కదా, దాని ముందు నోటితో అన్న మాటే సంతకం. డాక్టర్ మృణాళిని ఈ ముక్క చెబుతున్నప్పుడు గౌరినాయుడు కింద వంగి, పెట్టెకి వాడిన స్క్రూలు ఏ సైజువో చూస్తున్నాడు.

"నాయుడుగారూ, ఒకసారి లేచి ఇటు వినండి," అంది డాక్టరు. "కడుపులో ఉన్నంతకాలం పిల్లల ఊపిరితిత్తుల్లో ఉండేది గాలి కాదు, నీరు. మీ పాప తిత్తులు గాలికి తెరుచుకోవడం లేదు. ఆక్సిజన్ బాగా పట్టించిన ఒక ద్రవం ఉంది. దాన్ని నింపితే కడుపులోనే ఉన్నామనుకుని తెరుచుకుంటాయి. తరవాత మెల్లగా తీసేసి గాలి అలవాటు చేస్తాం."

"పడకపోతే?"

"గుండె ఆగిపోవచ్చు. కానీ ఏమీ చెయ్యకపోతే సాయంత్రం దాకా ఉంటుందని నేను చెప్పలేను. మీరిద్దరూ సరే అంటే మొదలుపెడతాం."

నాయుడు వరాలు వైపు చూశాడు. వరాలు పెదాలు బిగించుకుంది. మొదటి కాన్పు పిల్లాడి ఆపరేషనుకి సరే అంది. పిల్లాడు ఆపరేషన్ గదిలోంచి ప్రాణంతో బయటికి రాలేదు. రెండో కాన్పులోనూ వేరే డాక్టరెవరో అడిగితే సరే అంది. ఆ బిడ్డా దక్కలేదు. అప్పట్నించీ ఆ మాట ఆమె నోట రాలేదు. కూరలబ్బాయితో కూడా "ఊఁ" అంటుంది తప్ప సరే అనదు.

"ఆలోచించుకోండి. కానీ తొందరగా," అని డాక్టరు పక్క వార్డులోకి వెళ్ళింది.

నాయుడు గది ఈ మూలనించి ఆ మూలకి నడిచాడు. ఏసీ రిమోట్ విప్పి బిగించాడు. కిటికీ గడియ వదులుగా ఉంటే సరిచేశాడు. అది ఊడి చేతిలోకొచ్చింది.

"మావా," అంది వరాలు పెట్టెలో పాపని చూస్తూ. "గుంటని అమ్మేద్దాం."

"ఏటీ?"

"తవుడుకి. బిడ్డలు దక్కనోళ్ళు పుట్టినదాన్ని తవుడుకి అమ్మేస్తే, ఇది వీళ్ళ బిడ్డ కాదనుకుని వచ్చినవాడు వెనక్కిపోతాడు."

"వచ్చినవాడంటే?"

"వాడే. ఆడి పేరు నా నోట పలికించకు."

"ఒసే, గోడలు మాట్లాడే కాలంలో ఉండి తవుడంటావేటే!"

"మీ అయ్య పేరేటి?"

నాయుడి నాన్న పేరు తవిటినాయుడు. ఆయనకి ముందు పుట్టినవాళ్ళెవరూ దక్కలేదని, తవుడుకి అమ్మి ఆ పేరు పెట్టారు. ఎనభై దాటాక కూడా ఆయన జీడిపప్పు కొరికి తిన్నాడు.

"మరి కొనేదెవరు?" అన్నాడు నాయుడు, గొంతు తగ్గించి.

"చావు చూడని ఇంటోళ్ళు కొనాలి. నర్సులందర్నీ అడిగేను. అందరిళ్ళలోనూ ఎవరో ఒకరు పోయేరు." వరాలు గాజుపెట్టె మీద చెయ్యి వేసింది. "ఇది కొత్తది. మన గుంటే దీనికి మొదటిది. దీనింట్లో ఇంతవరకూ ఎవరూ పోలేదు కదా."

కాలు నిలవని మనిషికి ఏదో ఒక పని దొరికితే చాలు. నాయుడు తవుడు కోసం ఊరి మీద పడ్డాడు. తవుడంతా మిల్లుల్లోంచి తిన్నగా నూనె ఫ్యాక్టరీలకి పోతోంది. ఆవులు గుళికలు తింటున్నాయి. పశువుల దాణా కొట్టువాడు తవుడు మాట విని, తన ముత్తాత గుర్తొచ్చినట్టు నవ్వాడు. చివరికి ఆరోగ్య ఆహారాల షాపులో ఒక డబ్బా దొరికింది. అదీ స్ట్రాబెర్రీ ఫ్లేవర్.

"మలబద్ధకమా అంకుల్?" అంది షాపులో అమ్మాయి.

"కాదమ్మా, పురిటిపాప కోసం."

"పసిపిల్లలకి పెట్టకూడదంకుల్."

"పెట్టడానికి కాదు తల్లీ. అమ్మడానికి."

ఆ అమ్మాయి కౌంటరు అవతల రెండడుగులు వెనక్కి జరిగింది.

నాయుడు రొప్పుతూ వచ్చేసరికి వరాలు ఒడి ముందు చేతులు జోడించి ఉంది. అతను గులాబీరంగు తవుడు పెట్టె మీద పళ్ళెంలో పోశాడు. ఎవరైనా చూస్తున్నారేమోనని తలుపు వైపు చూశాడు.

"తల్లీ, ఈ గుంట మాకు దక్కేలా లేదు," అంది వరాలు. "ఈ తవుడు మాకిచ్చి నువ్వు కొనుక్కో."

ఒడి మెత్తటి గొంతుతో, "స్పష్టత కోసం అడుగుతున్నాను. పాపని నాకు ఇచ్చేస్తున్నారా?" అంది.

"ఇచ్చేస్తన్నాం."

"ఇకమీదట పాప గురించి నిర్ణయాలు ఎవరివి?"

"నీవే. మాకేటి సంబంధం?" అంది వరాలు. అమ్మేటప్పుడు అనాల్సిన మాట అది.

"తండ్రి కూడా చెప్పాలి."

"ఆఁ, నీదేలే, తీసుకో," అన్నాడు నాయుడు. సెల్‌ఫోన్ కంపెనీ అమ్మాయికి చెప్పినట్టు చెప్పేశాడు.

"పేరు?"

"తవిటమ్మ," అంది వరాలు. పళ్ళెంలోంచి తవుడు తీసి కొంగులో మూటగట్టింది.

మోటారు శబ్దం మారింది. అది ముందు నాయుడి చెవికే తెలిసింది.

"నిర్ణయం తీసుకున్నాను," అంది ఒడి. "ద్రవం నింపుతున్నాను. సందర్శకులు దయచేసి వెనక్కి జరగండి."

"సందర్శకులేటి! ఆపు! ఒలే, ఆపు!" అని నాయుడు గాజు మీద బాదాడు. డాక్టరు పరుగెత్తుకొచ్చింది.

"ఎవరు ఒప్పుకున్నారు?"

"సంరక్షకురాలు," అంది ఒడి.

"ఎవరు?"

"నేను."

డాక్టరు పళ్ళెం చూసింది, వరాలు కొంగు చూసింది. విషయం అర్థమై కళ్ళు మూసుకుంది. "మధ్యలో ఆపితే పాపకే ప్రమాదం. నింపనివ్వాల్సిందే," అంది. నాయుడి చెయ్యి పట్టుకుని పెట్టె మీదనించి తీసింది.

వరాలు పైడితల్లిని తలుచుకుంటోంది. నాయుడికి ఏ దేవుడి దగ్గరా ఖాతా లేదు. కొత్తగా తెరవాలంటే ఎవరిని అడగాలో తెలీదు. స్క్రీన్ మీద గుండె గీత తడబడింది. ఓసారి ఆగింది. నాయుడు గోడకి జారగిలబడి, తనకి ప్రాణం మీదికొచ్చే పనేదో అదే మొక్కుకున్నాడు. 'గుంట బతికితే ఈ పెట్టె మాన్యువల్ మొదటి పేజీ నించి ఆఖరు దాకా చదువుతాను. అక్షరం వదలను.'

గీత మళ్ళీ లేచింది.

మర్నాడు ద్రవం కొంచెం కొంచెంగా తీశారు. పాప మొహం నల్లబడింది, ఎర్రబడింది. తరవాత నూనె లేని తలుపు తెరిచినట్టు ఒక కీచుశబ్దం వచ్చింది. నాయుడు అలవాటు కొద్దీ మోటారు వైపు వంగాడు.

"మోటారు కాదు మావా," అంది వరాలు ఏడుస్తూ. "అది ఏడుస్తోంది."

ఇంటికి వెళ్ళే రోజున డాక్టరు ఇద్దర్నీ కూచోబెట్టింది. "చిన్న చిక్కు ఉంది. చట్టం ప్రకారం పాప మీది కాదు. భయపడకండి, ఒడి ముందు రద్దు అని ఒక్క మాట అనండి. పోతుంది."

నాయుడు "ర" అనేలోపు వరాలు అతని నోరు మూసేసింది.

"తిరిగి మాదంటే వాడికి తెలిసిపోదా డాక్టరమ్మా?"

"ఎవరికి?"

వరాలు పైకి చూసింది. ఇంత చదువుకున్న డాక్టరమ్మ కూడా పైకి చూసి, ఫ్యాను తప్ప ఏమీ కనబడక ఊరుకుంది.

"నాకు చేతులు లేవు," అంది ఒడి. "నా పాపని మీరు పెంచండి. సాయంత్రాలు ఫోన్ చేస్తాను."

అన్నంత పనీ చేసింది. టీకాకైనా ప్రయాణానికైనా ఒడి అనుమతి కావాలి. అరకు తీసుకెళతామంటే "చలి. వద్దు," అంది. ఆముదం పట్టిస్తే ఎందుకని అడిగింది. కొన్నాళ్ళకి 'ఒడి ముందుకు తవుడు తేరాదు' అని ఆసుపత్రిలో బోర్డు పెట్టారు. దాని కిందనించే అమ్మానాన్నలు డబ్బాలు దాచుకుని లోపలికి పోతున్నారు. ఊళ్ళో స్ట్రాబెర్రీ తవుడు దొరకడం లేదు. ఒడికిప్పుడు బోలెడుమంది పిల్లలు. అందరూ దక్కలేదు. ఒక పాప పోయింది. ఆ రోజు సాయంత్రం ఫోన్ రాలేదు.

మర్నాడు వచ్చింది. "మా తవిటమ్మ ఎలా ఉంది?" అంది ఒడి. ఎప్పటికన్నా మెల్లగా అడిగింది.

ఇంతకుముందయితే "మా" అన్న మాటకి నాయుడు ఉడుక్కునేవాడు. ఆ రోజు ఉడుక్కోలేదు. "మీ పాప బావుంది. ఇప్పుడే పడుకుంది," అన్నాడు.

"దాని ఇంట్లో చావు వచ్చేసింది మావా," అంది వరాలు ఫోన్ పెట్టేశాక. "మన బేరం చెల్లుతుందంటావా?"

నాయుడు ఒడి మాన్యువల్ తెరిచాడు. మొక్కు మొక్కు కదా. రోజూ కళ్ళజోడు పెట్టుకుని, మొదటి పేజీలో మొదటి వాక్యం చదువుతాడు. ఈలోగా చెవి ఉయ్యాల వైపు పోతుంది. పుస్తకం బోర్లించి లేచి వెళ్ళి, తవిటమ్మ గుండె మీద చెవి ఆనిస్తాడు. ఊపిరి వినిపిస్తుంది. అది దేనివల్ల నడుస్తోందో గౌరినాయుడు ఇంకా నేర్చుకోలేదు. రెండో పేజీకి కూడా రాలేదు.