ఖాళీ చేతుల ద్వారం

కుందనవరం రాజ్యంలో ఆ ఏడు వానలు సరిగానే కురిశాయి, పంటలూ పండాయి. తక్కువైనది ఒక్కటే, యువరాజు.

ఒక మాంత్రికుడు యువరాజు చిత్రబాహుడికి ఇనప చట్టంలో బిగించిన నల్లరాతి ఆటపలకను కానుకగా ఇచ్చాడు. అతను దానిమీద అరచెయ్యి ఆనించగానే లోపలికి జారిపోయాడు. పలకలో ఒక అడవి ఉంది, ఏడు ద్వారాలున్నాయి. బొటనవేలంత మనిషై అతను వాటిని దాటుతుండటం అందరికీ కనిపిస్తూనే ఉంది. కానీ ఒకసారి మూడో ద్వారం దగ్గర, ఇంకోసారి అయిదో ద్వారం దగ్గర పలక వణికి నల్లబడుతుంది. మళ్ళీ వెలిగేసరికి అతను మొదటి ద్వారం ముందు ఉంటాడు. అమావాస్యలోగా బయటికి రాకపోతే పలక ఇక వెలగదని చెప్పి మాంత్రికుడు మాయమయ్యాడు.

అమావాస్యకు రెండు రోజుల ముందు, ఎద్దులమీద ఉప్పు మోయించే వర్తకుడి కూతురు పేరిందేవి కొలువుకు వచ్చింది. అర పూట పలకను కదలకుండా చూసి, తన అరచెయ్యి దానిమీద ఆనించింది.

లోపల ఆకాశం కూడా రాయే. దాని అవతల రాజుగారి ముఖం మబ్బులా కదులుతోంది, మాట మాత్రం వినిపించడం లేదు. యువరాజు శంఖం, డాలు, కత్తి, నాగమణి, పాత్ర చుట్టూ పెట్టుకుని కూలబడి ఉన్నాడు. అన్నీ ద్వారాల దగ్గర మునులూ మృగాలూ ఇచ్చిన వరాలు.

"నువ్వూ చిక్కుకున్నావా?" అన్నాడు నీరసంగా. "మొదట్లో అయిదు ద్వారాలు దాటేవాణ్ణి. ఇప్పుడు మూడు దాటడమే గగనం."

"కూలిన ప్రతిసారీ ఏం మార్చారు?"

"అన్నీ! దారి మార్చాను, కత్తి మార్చాను, నడక కూడా మార్చాను."

"బాగుంది మీ వరస! అన్నీ ఒకేసారి మారిస్తే తప్పు దేనిదో ఎలా తెలుస్తుంది? మా ఎద్దు పదే పదే కూలబడితే మా నాన్న ఒక్క మూట దించి నడిపిస్తాడు. దారి అదే, ఎద్దూ అదే."

శంఖం వదిలి నడిచారు. నాలుగో ద్వారం దాటి నేరేడు చెట్టు దగ్గరికి వచ్చేసరికి లోకం తలకిందులై ఇద్దరూ మొదటికొచ్చి పడ్డారు. శంఖం తీసుకుని డాలు వదిలారు. ఈసారి చెట్టు దాటాక ఏటి ఒడ్డున లోకం కూలింది.

"శంఖమూ కాదు, డాలూ కాదు! ఇక మన బతుకు ఇక్కడే!" యువరాజు తల పట్టుకున్నాడు.

 రాతి ఆకాశం కిందికి దిగుతున్నట్టే ఉంది. అయినా పేరిందేవి వేళ్ళు మడిచి లెక్క చూసుకుంది. ఏది దించినా కొంత ముందుకే వెళ్ళారు. బరువైనది దించినప్పుడు ఇంకా ముందుకు వెళ్ళారు. అంటే తప్పు ఏ ఒక్క వస్తువుదీ కాదు. ఎవరో మోయలేకపోతున్నారు.

నేలకు చెవి ఆనించింది. కింద ఎవరో రొప్పుతున్నారు.

"ఎవరు నాయనా మోస్తున్నది?"

"హమ్మయ్య, అడిగారా!" అంది నేల లోపలి గొంతు. "బండభూతాన్ని తల్లీ. అడిగితే తప్ప నోరు విప్పకూడదని ఆ మాంత్రికుడి కట్టు. అడవినైతే మోస్తాను. ఆ వరాలు మీ చేతికి తేలిక, నా వీపుకు కొండలు. ఓర్చుకోలేక భుజం మార్చుకుంటాను, అప్పుడు మీరు పడతారు."

"నిన్ను విడిపించేదెలా?"

"బయట ఆ ఇనప చట్టం ఊడదీస్తే చాలు."

పేరిందేవి లేచింది. "అన్నీ ఇక్కడే వదిలేద్దాం."

"ఏడో ద్వారంలో రాక్షసి ఉందని మునులు చెప్పారు! ఆయుధం లేకుండానా?"

"ఆవిడ ఏమడుగుతుంది?"

"సుంకం."

"అయితే మరీ మంచిది, పదండి."

ఆరో ద్వారం దాటగానే నేల ఒరిగింది. పేరిందేవి చెట్టుకొమ్మ పట్టుకుని అరిచింది. "యువరాజా, నడుములో ఏముంది?"

అతను సిగ్గుపడుతూ వనదేవత ఇచ్చిన చిన్న బాకు తీసి నేలమీద పెట్టాడు. నేల చదునైంది.

ఏడో ద్వారంలో రాక్షసి నోరు తెరిచింది. "తెచ్చినదాంట్లో సగం పెట్టండి, లేకపోతే మింగేస్తాను!"

పేరిందేవి రెండు అరచేతులూ చాచింది. "ఏ సుంకం చావడి దగ్గరైనా ఖాళీ ఎద్దును ఊరికే వదులుతారు కదమ్మా. మీరు పట్టుకుంటారా?"

రాక్షసి కొమ్ము గోక్కుంది. ఖాళీ చేతుల్లో సగమెంతో దానికి తేలలేదు. "పొండి, పొండి! పొద్దున్నే దండగ బేరం!"

బయటపడగానే పేరిందేవి ముందుగా సుత్తి అడిగి ఇనప చట్టం ఊడగొట్టింది. కొండంత భూతం బయటికొచ్చి, ఒళ్ళు విరుచుకుని, ఏడ్చింది.

రాజు అర్ధరాజ్యం ఇచ్చి యువరాజుతో పెళ్ళి చేస్తానన్నాడు. "మొయ్యగలనో లేదో చూసుకుని చెబుతాను" అందామె. ఏడాదిపాటు యువరాజుతో కలిసి ఊరూరూ తిరిగి చూసుకుని, రాజ్యానికీ అతనికీ కలిపి సరేనంది.

పెళ్ళికి బండభూతమూ వచ్చి, మొదటి వరసలో కూర్చుని అరిసెలు తిన్నది. వధూవరులు పీటలమీద ఉన్నంతసేపూ నేల ఒక్కసారైనా కదలలేదు.