పాయింట్ నాలుగు మిల్లీమీటర్ల దూరం

"మీ మెషిన్ అబద్ధాలు చెబుతోంది!"

తలుపు తీయగానే ఆ అమ్మాయి అన్న మొదటి మాట అది. చేతిలో పోయిన వారం నేను కోసి పంపిన చెక్క పలక. ఫోన్‌లో ఆర్డర్ ఇచ్చినప్పుడు గొంతు చాలా మెత్తగా ఉన్నట్టు గుర్తు.

"లోపలికి రండి. కూర్చుని తిట్టండి."

"కూర్చునే టైం లేదు. నాలుగింటికి నాన్న ఇక్కడికే వస్తారు."

నాది కళ్లద్దాల షాపులో ఉద్యోగం. సెలవు రోజు మాత్రం మేడ మీది గదిలో ఈ సీఎన్‌సీ రౌటరే నా లోకం. కంప్యూటర్‌లో గీసిన గీత వెంట నడుస్తూ చెక్కను కోసే మెషిన్. ప్రతి స్క్రూ నేనే బిగించాను. దాన్ని అంటే నన్ను అన్నట్టే.

"మూడు వందల మిల్లీమీటర్లు అడిగాను. రెండు వందల తొంభై తొమ్మిది పాయింట్ ఆరు ఉంది. గాడిలో పెడితే ఊగుతోంది. మేకు, జిగురు లేకుండా పెట్టె బిగించి చూపిస్తానని నాన్నతో పందెం కాశాను."

"ఓడిపోతే?"

ఆ గొంతు కాస్త తగ్గింది. "నాన్న ముప్పై ఏళ్లుగా వడ్రంగి. ఇప్పుడు చెయ్యి వణుకుతోంది, వర్క్‌షాప్ మూసేస్తానంటున్నారు. మెషిన్ పెట్టి నేను నడుపుతానన్నాను. ముందు పెట్టె చూపించమన్నారు."

నాకు పౌరుషం వచ్చింది. "చూడండీ, కొలతలు సరిచూసి కాలిబ్రేట్ చేసింది నేనే. వంద మిల్లీమీటర్ల ముక్క కోస్తే వంద పాయింట్ రెండు వచ్చింది. మెషిన్ ఎక్కువ నడుస్తోందని సెట్టింగ్‌లో నడక తగ్గించాను. ఇప్పుడు కచ్చితంగా వంద!"

"ఇరవైది ఒకటి కోయండి."

కోశాను. కనురెప్పల మీద పడ్డ చెక్కపొడిని కూడా తుడుచుకోకుండా, మందం కొలిచే కాలిపర్ పెట్టి చూసింది. "ఇరవై పాయింట్ ఒకటి ఐదు. చిన్నది పెరుగుతోంది, పెద్దది తగ్గుతోంది. వంద ఒక్కటే మీ మాట వింటోంది. చెక్కను కోసే ఆ బిట్ మందం ఎంత?"

"ఆరు."

"కొలిచారా?"

"ప్యాకెట్ మీద ఉంది కదండీ..."

తలెత్తి చూసింది. రోజంతా జనం కళ్లు చూసి అద్దాల నంబరు రాసే ఉద్యోగం నాది. ఆ చూపుకి మాత్రం నా దగ్గర ఏ నంబరూ లేదు.

కొలిచాం. అయిదు పాయింట్ ఎనిమిది.

"బిట్ సన్నగా ఉండి తక్కువ చెక్క తీసింది కాబట్టి ముక్క పాయింట్ రెండు పెరిగింది. ఆ తేడా ఏ సైజుకైనా అంతే ఉంటుంది. మీరేమో నడక తగ్గించారు. ఆ తగ్గింపు దూరంతో పాటు పెరుగుతూ పోతుంది. తప్పు బిట్‌ది, శిక్ష మెషిన్‌కి!"

"ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారు?"

"నాన్న రంపం దగ్గర. రంపం మందం చూసుకోకుండా కోస్తే మొట్టికాయ పడేది."

"తప్పు నాదేనండీ. ఇప్పుడేం చేద్దాం?"

"అంత తొందరగా ఒప్పేసుకున్నారేం?"

"కొలిచి చూపించాక ఇంకా వాదిస్తానా?"

మొదటిసారి నవ్వింది. సరిగ్గా అప్పుడే, సినిమాలోలా, బయట వాన మొదలైంది. నా తప్పేం లేదు.

మందం లెక్కలోకి రాకుండా బిట్ తీసి సూది పెట్టించింది. పలక మీద ఒక చుక్క, మూడు వందల దూరంలో ఇంకో చుక్క. మధ్య దూరం స్టీల్ స్కేల్‌తో కొలిచి నడక సరిచేశాం. మళ్లీ బిట్ పెట్టి, దాని అసలు మందం కంప్యూటర్‌కి చెప్పాం. పలకలన్నీ కొత్తగా కోశాం.

నాలుగింటికి గొడుగు దులుపుకుంటూ వాళ్ల నాన్న వచ్చాడు. పలకను గాడిలో పెట్టి అరచేత్తో ఒక్కటి తట్టాడు. 'టప్' మని కూర్చుంది. పెట్టెను తలకిందులు చేసి ఊపాడు. కదల్లేదు. వణికే వేలితో జాయింట్ వెంట గోరు నడిపించాడు. గోరు ఎక్కడా ఆగలేదు.

"ఎవరు కోశారు?"

"ఆయన మెషిన్, నాన్నా."

"కొలత మీ అమ్మాయిదండీ," అన్నాను.

జేబులోంచి వర్క్‌షాప్ తాళంచెవి తీసి కూతురి చేతిలో పెట్టాడు. ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుంది. చెక్కపొడి అనుకోమన్నట్టు నా వైపు చూసింది.

ఆయన నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూశాడు.

"ఈ అబ్బాయిని కూడా కొలిచావా?"

"పొద్దున్నుంచీ అదే పని, నాన్నా."

"తేడా ఉందా?"

"కొంచెం ఉంది." తాళంచెవిని గుప్పిట్లో బిగించి నవ్వింది. "కానీ సరిచేసుకునే రకమే."