భ్రమరాంబ పిక్కలో ముడి

సువార్తకి అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే: ఏదో ఒక రోజు తన పాప నొప్పని ఏడుస్తుంటే ఆ ఏడుపు తన చెవికి ఎక్కకపోవడం. గోదాంలో కాళ్లనొప్పులు చూసే అలగదిలో పనికి చేరాకే ఈ భయం పట్టుకుంది.

గోదాంలో, అక్కణ్ణించి ఇళ్ల గుమ్మాలకి సరుకు మోస్తూ నడిచేవాళ్లందరి చీలమండలకీ కాలిసాక్షులనే దీపపు పట్టీలుంటాయి. పచ్చగా వెలిగితే నడవాలి, ఎర్రబడితే అలగదికి రావాలి. సువార్త జెల్లు రాసి, మడమ మీదా పిక్క మీదా, ఒంట్లోకి అలలు పంపే యంత్రం పిడి, అలదండ ఆనిస్తుంది. అల సరిగ్గా నొప్పి ముడికి తగిలినప్పుడు ఆ మనిషి "పడింది" అనాలి. ముడి ఎక్కడుందో యంత్రానికి తెలియదు. మనిషి నోటిమాటే దానికి దారి. ఆ మాట వినగానే యంత్రం అక్కడే కాసేపు అలలతో దంచి, కాలిసాక్షిని పచ్చగా మార్చేస్తుంది.

ఇవాళ భ్రమరాంబ మునివేళ్ల మీద వచ్చింది, మడమ నేలకి ఆనితే ప్రాణం పోతుందన్నట్టు.

"మళ్లీ వచ్చారేంటి పిన్నీ? మొన్నేగా కొట్టాను?"

"నీ మీద బెంగెట్టుకున్నానే," అంటూ ఆవిడ బల్లమీద బోర్లా పడుకుంది. "తొందరగా కానీ. ఎరుపు ఇంకాసేపుంటే నా షిఫ్టు ఇంకొకళ్లకిచ్చేస్తారు."

అలదండ ఇంకా ఒంటికి ఆనకముందే "పడింది" అంది.

"నేనింకా మొదలెట్టనే లేదు!"

"పడిందంటున్నాగా. నీకేం పోయింది?"

సువార్త బొటనవేలితో పిక్క నొక్కింది. లోపల ముడి చింతగింజలా గట్టిగా తగిలింది. భ్రమరాంబ కాలివేళ్లు ముడుచుకున్నాయి గానీ నొప్పని మాత్రం అనలేదు. మొన్నా ఇలాగే తగిలింది. మొన్నా తెలిసే ఊరుకుంది సువార్త. కాదంటే తనిఖీ అయ్యేదాకా అలగది మూసేస్తారు. గది మూస్తే తనకి పనుండదు, పక్కనున్న ఊయలశాలలో పాపకి చోటుండదు.

"మొన్న తప్పు నాది పిన్నీ. ముడి కరగలేదని తెలిసీ పంపించేశాను."

"ఊరుకోవే. నాకు తెలీదేంటి? నీకు చంటిపిల్లుంది."

ఆ మాటకి సువార్త చెయ్యి ఆగిపోయింది. తన బిడ్డ కోసం కూడానా ఈవిడ నొప్పి మింగుతున్నది!

అలదండ పిడి కింద, మనిషి చెప్పిన మాట కాదనడానికి, ఎవరూ ముట్టని మీట ఒకటుంది. దుమ్ము పేరుకుని బిగుసుకుపోయింది. సువార్త బలంగా నొక్కింది.

"పడలేదు," అంది యంత్రం, బయట తమ వంతు కోసం నిలబడ్డ వరసకి కూడా వినబడేలా. "మాటలు కలవడం లేదు. గది మూయబడుతోంది."

"ఓసి పిచ్చిమొహమా! ఏం చేశావే!" అంది భ్రమరాంబ.

బయట వరసలోంచి ఎవరో అన్నారు, "నాకూ పడలేదు మొన్న." వెనకాలే ఇంకో గొంతు, "నాకెప్పుడు పడిందనీ!" ఆ మాట గోదామంతా పాకింది; "పడలేదు" అన్నవాళ్లందరి కాలిసాక్షులూ ఒకదాని వెనక ఒకటి ఎర్రబడుతూ పోయాయి. గోదాంలో సరుకు పట్టాల చప్పుడు ఆగిపోయింది.

ఊయలశాల ఆయా వచ్చి పాపని సువార్త చేతిలో పెట్టి, తలెత్తకుండా వెళ్లిపోయింది. పాప గుక్కపెట్టి ఏడ్చింది. సువార్త చంకనెత్తుకుని, రెండో చేత్తో మళ్లీ ఆ ముడినే తడిమింది.

"ఇప్పుడు చెప్పండి పిన్నీ. ఇక్కడేనా?"

"అమ్మా! అక్కడేనే..." భ్రమరాంబ బావురుమంది.

మీ గుమ్మంలో సరుకు దించి, మడమ ఆనించకుండా వెనుదిరిగే మనిషి కనబడితే ఒక్కసారి ఆపండి. బానే ఉన్నానని చెప్పినా సరే, ఇంకోసారి అడగండి.