నలభై ఒకటి దాటితే

"ఇదిగో, ఏడోది."

నవనీత పాడైన డిస్కును దారానికి గుచ్చి తన వీడియో షాపు గుమ్మానికి కట్టింది. అప్పటికే ఆరు వేలాడుతున్నాయి. తుంపరలో తడిసి లోపలికి వస్తున్న గోవర్ధన్ నెత్తికి అన్నీ ఒక్కసారే తగిలాయి.

సూర్యాపేట నుంచి కోదాడకు బస్సులో గంట ప్రయాణం. దసరా పోయి పన్నెండు రోజులైంది. ఆ పన్నెండు రోజుల్లో అతను ఈ షాపుకు రావడం ఇది నాలుగోసారి. వచ్చినప్పుడల్లా బాగు చేశానని చెప్పి వెళ్లాడు. బస్సు సూర్యాపేట చేరేలోపే ఫోన్ మోగేది.

"చెడిపోయిన కార్డు అంటగట్టినవా నాకు?" అని గుమ్మంలోనే నిలదీసింది నవనీత.

"మంచి కార్డే మేడం. దసరా దాకా పనిచేసింది కదా?"

"చేసింది. ఇప్పుడు చేస్తలేదు. డిస్కు రాసుడు నలభై ఒక్క శాతం కాడికి పోతది, ఆగుతది. గింత పరేషాన్ ఎన్నడూ కాలే."

సంగతేమిటంటే, నవనీత కంప్యూటర్ పాతది. దాని సొంత యూఎస్‌బీ నత్తనడక నడుస్తుంది. అందుకని ఆగస్టులో, సూర్యాపేటలో కంప్యూటర్ సామాన్లు అమ్మే గోవర్ధనే ఒక యూఎస్‌బీ కార్డు అమ్మి, కంప్యూటర్ డబ్బా విప్పి లోపల బిగించాడు. డీవీడీలు రాసే రైటర్ విడిగా బల్ల మీద ఉంటుంది, దాని వైరు ఆ కార్డుకు తగిలించాలి.

ఇప్పుడు రాయాల్సింది శోభ పెళ్లి వీడియో. శోభ ఆమె చిన్ననాటి స్నేహితురాలు. సాయంత్రం నాలుగు గంటల బస్సుకు భర్తతో బొంబాయి వెళ్లిపోతోంది. పైగా నవనీతకు ఇదే మొదటి పెళ్లి ఆర్డరు. నాన్న ఐలయ్య మోతెలో గొర్రెలు పెంచే మనిషి. కూతురి మాట కాదనలేక షాపు పెట్టించాడు గానీ, "మొదటి పెద్ద పనే చెడితే ఇగ బంద్ చేసి ఇంటికి రావాలె" అని ముందే చెప్పాడు.

గడియారంలో మూడు కావస్తోంది. ఖాళీ డిస్కు ఒక్కటే మిగిలింది. కొత్తవి తెద్దామంటే హోల్‌సేల్ షాపు ఆ రోజు తెరవలేదు.

"ఒకటి అడుగుత, నిజం చెప్పు. కావాల్నని చెడగొడుతున్నవా?"

"నేనెందుకు చెడగొడుత?"

"మళ్ళ మళ్ళ రావచ్చని."

గోవర్ధన్‌కు రోషం వచ్చింది. చెవులు కూడా ఎర్రబడ్డాయి, అది మాత్రం రోషం వల్ల కాదు. "పని చెడగొట్టి బతికేటోన్ని కాదు మేడం," అని స్క్రూడ్రైవర్ తీశాడు.

మొదటిసారి వచ్చినప్పుడు వైరు మార్చాడు. రెండోసారి డ్రైవర్ సాఫ్ట్‌వేర్ మళ్ళీ వేశాడు. మూడోసారి రైటర్‌కు కొత్త అడాప్టర్ పెట్టాడు. కార్డు జోలికి మాత్రం పోలేదు. తన చేత్తో బిగించిన కార్డులో తప్పుంటుందా అని అతని ధీమా. ఇవాళ ఆ ధీమా మింగి కార్డును బయటికి లాగాడు.

లాగి, వెలుతురులో పెట్టి, నోరు తెరిచాడు.

కార్డు కింది అంచున బంగారు రంగు రేకులుంటాయి. అవి లోపలి గాడిలో సరిగ్గా తగిలితేనే కార్డు పనిచేస్తుంది. ఆ రేకుల మీద పసుపు ఎండిపోయి ఉంది. పసుపు మీద కుంకుమ. మూడు బొట్లు, ముచ్చటగా.

"మేడం, ఇదెవరు పెట్టిన్రు?"

నవనీత నాలుక కరుచుకుంది. "నాయిన. ఈ ఏడు కొన్న పనిముట్లన్నీ దసరా పూజల ఉండాలన్నడు. రైటర్ పెట్టిన. లోపల ఇంకోటి ఉంది కదా, అదేది అన్నడు. ఊడదీసి ఇచ్చిన. పూజయినంక మళ్ళ నేనే బిగించిన."

"మరి అంచుకే ఎందుకు?"

"గొర్రెల బొచ్చు కత్తిరించే కత్తెరకు అంచుకే పెడ్తడు. పనిచేసేది అంచే కదా అంటడు."

గోవర్ధన్ ఆపుకుందామనుకున్నాడు గానీ వల్ల కాలేదు. పడీపడీ నవ్వాడు. కోపంగా చూడాలనుకున్న నవనీత కూడా బల్ల పట్టుకుని నవ్వింది.

"రబ్బరుందా? పెన్సిల్ రాత చెరిపేది."

రేకులు తళతళలాడేదాకా రుద్ది, ఊది, కార్డు బిగించాడు. చివరి డిస్కు రైటర్‌లో పెట్టాడు.

"ఇగ ఎవ్వరం ఏం ముట్టద్దు. మౌస్ గూడ."

ఇద్దరూ చేతులు కట్టుకుని స్టూళ్ల మీద కూర్చున్నారు. చేతులకు పని లేకపోయేసరికి నోటికి ధైర్యం వచ్చింది.

పది శాతం.

"మీరన్న దాంట్ల సగం నిజమే," అన్నాడు గోవర్ధన్.

"ఏ సగం?"

"రెండోసారి పని ఫోన్ల చెప్తే అయిపోయేది. బస్సెక్కి వచ్చిన."

ఇరవై ఆరు.

"మూడోసారి?"

"అడాప్టర్ ఎవరితోనన్న పంపొచ్చు. నేనే తెచ్చిన."

ముప్ఫై ఎనిమిది. నవనీత తెర మీంచి చూపు తిప్పలేదు. "ఎందుకు?"

"నువ్వంటే నాకిష్టం, నవనీతా."

'మేడం' అనే పిలుపు ఎటు పోయిందో ఇద్దరూ గమనించలేదు. నలభై ఒకటి వచ్చింది. ఆ అంకె కదలలేదు. ఇద్దరూ స్టూళ్ల అంచుకు జరిగారు.

నలభై రెండు.

"హమ్మయ్య!" అంటూ నవనీత మొహం కప్పుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

అంతలో తడిసిన గొంగడి దులుపుకుంటూ ఐలయ్య వచ్చాడు. శోభను సాగనంపడానికి మోతె నుంచి వచ్చాడు.

"అయిందా బిడ్డా?"

"అయితాంది నాయినా."

ఐలయ్య గోవర్ధన్‌ను ఎగాదిగా చూశాడు. "సూర్యాపేట పిలగాడు నువ్వేనా? అవునుగని బిడ్డా, పక్క షాపుల ధర్మా గూడ కంప్యూటర్లు బాగు చేస్తడు కదా. నాలుగుసార్లు గంత దూరం నుంచి పిలిచినవెందుకు?"

గోవర్ధన్ తలెత్తి నవనీతను చూశాడు. పక్క షాపు సంగతి అతనికి ఇప్పుడే తెలిసింది.

"ఎనభై," అంది నవనీత, ఎవరూ అడగకపోయినా.

మూడున్నరకు డిస్కు బయటికి వచ్చింది. వేసి చూస్తే తాళి కట్టే దృశ్యం చక్కగా ఆడింది. బస్‌స్టాండ్‌కు వెళ్తూ ఆటో ఆపించిన శోభ, డిస్కు అందుకుని నవనీతను గట్టిగా వాటేసుకుని వెళ్లింది. ఆటో మలుపు తిరిగేదాకా నవనీత చెయ్యి ఊపింది.

బొట్ల కథ విని ఐలయ్య చిన్నబోయాడు. "అంటే తప్పు నాదేనా?"

"తప్పేం లేదు మామా," అన్నాడు గోవర్ధన్. " ఈసారి డబ్బా మీద పెట్టుండ్రి."

మందలో ఏది దేని వెంట పోతుందో దూరం నుంచే కనిపెట్టే మనిషికి, ఎదురుగా ఉన్న ఇద్దరి సంగతి తెలియకుండా ఉంటుందా? ఐలయ్య మీసంలో నవ్వుకున్నాడు.

"నాకు యాదుండదు పిలగా. వచ్చే దసరాకు నువ్వే దగ్గరుండి చూపియ్యి. షాపైతే నడుస్తది. ముందుగాల మీ అమ్మనాయినలను మోతెకు తోలుకరా."

ఆయన చాయ్ తాగడానికి బయటికి వెళ్లాక, నవనీత స్టూలెక్కి ఏడు డిస్కుల దారం విప్పబోయింది.

"ఉండనియ్యి," అన్నాడు గోవర్ధన్. "అవి చెడబట్టే కదా నేను వచ్చింది."

నవనీత దారం వదిలేసింది.

"ఇగ ఏం చెడకున్నా రా," అంది.