మెడ మీద లేబుల్

దర్జీ ముందుగదిలోనే దుకాణం పెట్టుకున్నాడు కాబట్టి ఆ ఇంట్లో తెల్లవారడమంటే మిషను చప్పుడు మొదలవడమే. కొలతలో వెంట్రుకవాసి తేడా వచ్చినా నిద్రపట్టని మనిషి. కోపం మాత్రం ఎప్పుడూ ముక్కు మీదే. కుట్టిన ప్రతి బట్టకీ మెడ వెనక తన దుకాణం పేరున్న లేబుల్ వేస్తాడు. అది లేకుండా ముప్ఫై ఏళ్లలో ఒక్క చొక్కా కూడా గడప దాటలేదు.

ఆ రోజు పదకొండింటికి కూతురు కళ్లజోళ్ల షాపులో కొత్త ఉద్యోగంలో చేరాలి. పసితనం నుంచీ ఆమెకు ఎగ్జిమా. మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక, మెడ మీద చర్మం ఎండి, ఎర్రబడి, ఒకటే దురద. తగ్గినట్టే తగ్గి పిలవని చుట్టంలా మళ్లీ వస్తుంది. డాక్టరు చెప్పినట్టే స్నానం కాగానే, ఒళ్లు పూర్తిగా ఆరకముందే క్రీము రాసుకుంది. ఎర్రగా ఉన్నచోట మందు పల్చగా పూసుకుంది. నాన్న ఈ రోజు కోసమే కుట్టిన లేత నీలం చొక్కాని తిరగేసి తొడుక్కుని వంటింట్లోకి వచ్చింది.

ఇస్త్రీపెట్టె కోసం వచ్చిన దర్జీ గుమ్మంలోనే ఆగిపోయాడు.

"కుట్లు కనబడకుండా కుట్టడం నా పని. నువ్వేమో వాటినే ఊరేగిస్తున్నావా?"

బయల్దేరేటప్పుడు సరిగ్గా వేసుకుంటానని, అంతదాకా గుచ్చుకోకుండా ఉంటుందని కూతురు మెల్లగా చెప్పింది. ఆ మాటతో ఆయనకు ఇంకా మండింది. ఇంతమంది వేసుకుంటున్నారు, ఒక్కరైనా గుచ్చుకుందన్నారా అని విరుచుకుపడ్డాడు.

"గోకడం మానితే అన్నీ అవే మానతాయి," అన్నాడు చివరికి.

పుండు మీద కారం చల్లడమంటే ఇదే. ఇన్నేళ్లూ ఆ మాటకు తల దించుకున్న పిల్ల ఈసారి దించుకోలేదు.

"మానదు నాన్నా. తగ్గుతుంది, వస్తుంది. గోకడం వల్ల దురద రాలేదు, దురద వల్ల గోకుతున్నాను. నీ చొక్కా నచ్చక తిరగేశాననుకున్నావా? ఎలాగైనా వేసుకోవాలనే తిరగేశాను."

ఇన్నాళ్లూ అడకత్తెరలో పోకచెక్కలా నలిగిన తల్లి పొయ్యి కట్టేసింది. కూతురి జడ పక్కకు తీసి, కాలరు కిందికి లాగి, ఒక్కసారి చూడమంది.

మెడ మీద నాలుగు మూలలతో ఎర్రటి మచ్చ. రెండు వేళ్ల పొడుగు, ఒక వేలు వెడల్పు. దర్జీ చెయ్యి మెడలో ఉన్న టేపు మీదికి వెళ్లి ఆగింది. కొలవక్కర్లేదు. ఆ కొలత ఆయనకు కళ్లు మూసుకున్నా తెలుసు.

"ఎన్నాళ్ల నుంచి?"

"లేబుళ్లు తీసేయమని డాక్టరు మూడుసార్లు చెప్పారు," అంది భార్య. "మీ పేరు కత్తిరించమని మీకెలా చెప్పను?"

ముప్ఫై ఏళ్లుగా ఊరందరి ఒళ్లూ కొలిచి, సొంత బిడ్డ ఒంటిని చూడలేకపోయానని ఆయనకు ఆ క్షణంలో తెలిసింది. చొక్కా విప్పి ఇవ్వమ్మా అన్నాడు.

గంటసేపు మిషను ఆగలేదు. లేబుల్ విప్పేశాడు. లోపలి కుట్లే పైకి ఉండేలా చొక్కాని తిప్పి, వాటిని మడిచి, మెత్తటి నీలం పట్టీ వేసి మూసేశాడు. గుండీలు, జేబు కూడా కొత్త పైవైపుకి మార్చాడు. చివరికి లోపలివైపు తన చెంపకు రుద్దుకుని చూశాడు. ఒకచోట గరుకు తగిలితే మళ్లీ విప్పి కుట్టాడు.

కూతురు తొడుక్కుని మెడ అటూ ఇటూ తిప్పింది. ఎక్కడా గుచ్చుకోలేదు. మచ్చ మచ్చలాగే ఉంది, క్రీము డబ్బా సంచిలోనే ఉంది. కానీ చెయ్యి మెడ మీదికి వెళ్లలేదు.

దర్జీ పీలికలతో పాటు లేబుల్‌ని కూడా చెత్తబుట్టలోకి తోసేశాడు. కూతురు వంగి దాన్ని ఏరి తీసి, చొక్కా జేబు మీద పెట్టి చూపించింది.

"ఇక్కడ కుట్టు నాన్నా. లోపల ఉంటేనే గుచ్చుకుంటుంది."

ఆయన సూదిలో దారం ఎక్కించబోయాడు. రెండుసార్లు తప్పింది. మూడోసారికి భార్య సూది అందుకుని, దారం ఎక్కించి ఇచ్చింది.