మీ కళ్లు కావాలి

"ఇది కూడా అబద్ధమే చెబుతోంది," అంటూ ఆమె మూడో కెమెరాని కూడా కౌంటర్ మీద పెట్టేసింది.

అబద్ధాలు చెప్పేది సేల్స్‌మన్ అని జనం అనుకోవడం నాకు తెలుసు. కెమెరాని ఆ మాట అన్న మనిషిని మాత్రం ఈ కెమెరా షాపులో నా తొమ్మిదేళ్ల సర్వీసులో అదే మొదటిసారి చూడడం.

గుమ్మంలోంచి కౌంటర్ దాకా నడిచొచ్చేలోపే ఎవరికి ఏ కెమెరా సరిపోతుందో చెప్పగలనని నాకు కాస్త పొగరు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి తేలికపాటి కెమెరా, ఒక్క చిన్న లెన్స్ చాలు. పరుగెత్తే పిల్లల వెంటపడే తల్లులకి చటుక్కున ఫోకస్ పట్టేది కావాలి. కొండలెక్కేవాళ్లకి బరువులేని ట్రైపాడ్. పెళ్లిళ్లు తీసేవాళ్లకి రెండు మెమరీ కార్డులు పట్టే కెమెరా, ఎందుకంటే కార్డు పాడైందని ఎవరూ రెండోసారి తాళి కట్టరు కదా!

ఆమె భుజాన గుడ్డసంచీ, జడలో దోపుకుని మరిచిపోయిన పెయింట్ బ్రష్ చూసి 'ఆర్టిస్టు. చెట్లూ మేఘాలూ తీసుకుంటుంది' అని తేల్చేశాను. అందుకు తగ్గవే చూపించాను. ఆమె ప్రతిదాన్నీ తీసుకుని, అటు తిరిగి, అరచేతిలో ఉన్నదేదో ఫోటో తీసి, పెదవి విరిచి తిరిగిచ్చేసింది.

"ఇంతకంటే మంచి కెమెరా మా దగ్గర లేదండీ," అన్నాను, కాస్త చిరాగ్గానే.

"మంచిది నేనడగలేదు. నిజం చెప్పేది అడిగాను. గోధుమరంగుని గోధుమరంగులా చూపించాలి. అంతే."

"ఇంతకీ దేన్ని తీస్తున్నారు?"

ఆమె గుప్పిట విప్పింది. అరచేతిలోంచి ఒక కన్ను నావైపు చూసింది.

నా చేతిలో ఉన్న లెన్స్ మూత జారి, కౌంటర్ కింద ఎక్కడికో దొర్లిపోయింది.

"భయపడకండి, కరవదు," అంది నవ్వు ఆపుకుంటూ. "నేను కళ్లు తయారుచేస్తాను. ప్రమాదాల్లోనో, జబ్బుచేసో కన్ను పోయినవాళ్లకి. చూపు తెప్పించలేను. ఎదుటివాళ్లకి తేడా తెలియకుండా మాత్రం చెయ్యగలను."

"ఓహో..." అన్నాను. కౌంటర్ కింద లెన్స్ మూత వెతికే నెపంతో వంగాను.

"మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, రెండో కన్ను చూస్తూ రంగులు వేస్తాను. కదలకుండా కూర్చోలేనివాళ్లు కొందరుంటారు. వాళ్లకోసమే ఫోటో. నిజం చెప్పే కెమెరా మీ షాపులో లేనట్టుంది. వస్తాను."

చీటీ మీద నంబరు రాసిచ్చి, బయట కురుస్తున్న వానలో గొడుగు తెరుచుకుంటూ వెళ్లిపోయింది.

ఆ పూట నాకు అన్నం సయించలేదు. మర్నాడు షాపు తెరవకముందే వచ్చి, నా కోటు గోధుమరంగు బొత్తాన్ని కౌంటర్ మీద ఒకసారి, గుమ్మం దగ్గర పగటి వెలుగులో ఒకసారి ఫోటో తీశాను. ఒకే బొత్తాం, రెండు రంగులు! తలెత్తి చూస్తే మా షాపు కప్పుకి ఒక లైటు పసుపుపచ్చగా, ఇంకోటి తెల్లగా, మూడోది నీలంగా వెలుగుతోంది. ఇన్నేళ్లూ వాటి కిందే నిలబడి నేను రంగుల గురించి ఉపన్యాసాలిచ్చాను.

వెంటనే ఫోన్ చేశాను. "అబద్ధం చెప్పింది కెమెరా కాదండీ, మా షాపు లైట్లు."

అవతల ఆమె నవ్వింది. "తప్పు ఒప్పుకునే సేల్స్‌మన్ కూడా ఉంటాడన్నమాట. సరే, సెలవురోజు మా వర్క్‌షాపుకి రండి."

రెండు బ్యాగుల సామానుతో వెళ్లాను. మేడమీద ఒకే గది. కిటికీ పక్కన బల్ల, దానిమీద వెంట్రుకంత సన్నని బ్రష్షులు, చిన్న చిన్న రంగు సీసాలు. సొరుగు లాగితే వరసగా కళ్లు. అన్నీ నన్నే చూస్తున్నాయి. ఇన్నాళ్లూ నేను గోధుమరంగు ఒకటే అనుకున్నాను. ఆ సొరుగులో తేనెరంగు ఉంది, కాఫీగింజ రంగు ఉంది, తడిసిన మట్టిరంగు ఉంది.

కిటికీ దగ్గర కుర్చీలో ఒక పెద్దాయన కూర్చున్నాడు. టైలర్. కళ్లజోడులో కుడికన్ను మీద నల్ల అద్దం. తల సన్నగా, ఆగకుండా వణుకుతోంది.

"తాతగారి మనవరాలి పెళ్లి ఇంకో పన్నెండు రోజుల్లో," అంది ఆమె.

"పెళ్లిబట్టలన్నీ నేనే కుట్టాను బాబూ," అన్నాడాయన. "ఫోటోలో మాత్రం నిలబడనని చెప్పేశాను. అంత చక్కటి ఫోటో పాడుచెయ్యడం ఎందుకు?"

"మీరు నిలబడతారు తాతగారూ. మధ్యలో," అందామె తాపీగా. ఆ మాటలో ఓదార్పు లేదు. రేపు పొద్దున్న సూర్యుడొస్తాడన్నంత మామూలుగా అంది. ఆ క్షణం నుంచే అనుకుంటాను, నేను సామాను చూడడం మానేసి ఆమెనే చూడడం మొదలుపెట్టాను.

నేను గర్వంగా తెచ్చిన బరువైన ట్రైపాడ్ బిగించాను. దానిమీద కెమెరా కొండలా నిలబడింది. ఫోటో తీశాను. కన్నంతా మసక. మళ్లీ తీశాను. మళ్లీ మసకే.

"కెమెరా కదలడం లేదండీ," అంది ఆమె మెల్లగా. "కదిలేది తాతగారి తల."

సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. ట్రైపాడ్ మడిచేశాను. ఈసారి నాకు తెలిసింది చెప్పడం ఆపి, ఆమెని అడగడం మొదలుపెట్టాను. ఎంత దగ్గర నుంచి కావాలి? వెలుగు ఎటునుంచి వస్తే కన్ను బాగా కనిపిస్తుంది? ఫోటోలు తీయడం వచ్చా?

"బొత్తిగా రాదు. నేర్చుకునే తీరిక కూడా లేదు."

రెండు రోజుల్లో సామానంతా మార్చేశాను. మనిషి ముక్కుకి తగలకుండా మూరెడు దూరం నుంచే కన్నుని నిండుగా చూపించే మాక్రో లెన్స్. వణుకుని రెప్పపాటులో పట్టేసే ఫ్లాష్. దాని మెరుపు కనుపాప మీద పడకుండా, పక్కనుంచి మెత్తగా వచ్చేలా ముందొక తెల్లగుడ్డ పెట్టె. రంగు సరిచూసుకోవడానికి గెడ్డం కింద పట్టుకునే బూడిదరంగు అట్ట. కెమెరాకి ఉన్న పద్నాలుగు మీటల్లో ఆమె ముట్టుకోనక్కర్లేని పదమూడింటికి టేపు అంటించేశాను.

అది చూసి ఆమె పగలబడి నవ్వింది. "ఇంత నమ్మకమా నామీద?"

"మీమీద నమ్మకమేనండీ. ఆ పదమూడింటి మీదే లేదు."

ఆ మర్నాడు మెసేజ్ వచ్చింది. 'సాయంత్రం రాగలరా? మీ కళ్లు కావాలి.'

నేను ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. విప్పేసి ఇంకోటి వేసుకున్నాను. అమ్మ హైస్కూల్లో లెక్కల టీచర్‌గా చేసి రిటైరైంది. కళ్లద్దాల పైనుంచి చూసి, "రెండు చొక్కాలకి ఒకే మనిషి. లెక్క ఎక్కడో తేడాగా ఉంది," అంది.

వర్క్‌షాపులో కుర్చీ చూపించి ఆమె, "మీ కళ్లు అచ్చం తాతగారి రంగు. ఆయన్ని కూర్చోబెట్టకముందు మీమీద ప్రాక్టీస్ చేస్తాను. ఆ చుక్కని చూడండి," అంది.

ప్రాక్టీస్! నా ఇస్త్రీ చొక్కా అక్కడే నలిగిపోయినట్టనిపించింది.

గోడమీద చుక్కని చూశాను. చుక్క పక్కనే ఆమె ముఖం. ఆమె పదో పన్నెండో ఫోటోలు తీసి, స్క్రీన్ మీద పెద్దవి చేసి చూస్తూ భృకుటి ముడిచింది.

"విచిత్రంగా ఉందే. ఫ్లాష్ పడితే కనుపాప చిన్నదవ్వాలి. మీది ఫోటో ఫోటోకీ పెద్దదవుతోంది. చుక్కనే చూస్తున్నారా?"

"...లేదండీ."

"మరి?"

"చుక్క పక్కన."

ఆమె కెమెరా దించింది. ఇక దాచి లాభం లేదు. నచ్చినవాళ్లని చూస్తే కనుపాప పెద్దదవుతుందని ఎక్కడో చదివాను; నా కళ్లు ఎలాగూ చెప్పేశాయి. "మీరు నాకు చాలా నచ్చారు," అన్నాను. "తాతగారితో మాట్లాడిన రోజునుంచీ."

ఆమె నన్ను కుర్చీలోంచి లేవమంది. తర్వాత కెమెరా నా చేతికిచ్చి, కుర్చీలో తను కూర్చుంది.

"ముందు ఒక సంగతి. పదకొండేళ్లప్పుడు ఆటలో బంతి తగిలి నాకు ఒక కన్ను పోయింది. ఇప్పుడున్నది నేనే చేసుకున్నాను. అది ఏ కన్నో కనిపెట్టండి."

కెమెరాకి కన్ను ఆనించాను. ఎడమకన్ను చూశాను, కుడికన్ను చూశాను. అవే సన్నని ఎర్రజీరలు, అదే తేనెరంగు, అంచున అదే నల్లటి గీత. ఏ తేడా లేదు. అంత గొప్ప పని నేనెక్కడా చూడలేదు. ఎన్నేళ్లు అద్దం ముందు కూర్చుందో!

అలా చూస్తూ ఉండగా, కుడికంట్లో నల్లని చుక్క మెల్లగా విచ్చుకుంది. ఎడమది అలాగే ఉంది.

కెమెరా దించాను. "మీరు చేసింది ఎడమది."

"ఎలా తెలిసింది? ఇంతవరకూ ఎవరూ..."

"కుడిది దాచుకోలేకపోతోందండీ."

ఆమె చటుక్కున తల దించుకుంది. చెవులు ఎర్రబడ్డాయి. తల ఎత్తకుండానే అంది. "ఇప్పుడేం అనకండి. జాలితో అన్నమాట నాకొద్దు. ఇంటికెళ్లి మీ అమ్మగారికి మొత్తం చెప్పండి. ఆ తర్వాత కూడా అదే మాట మిగిలితే రండి."

అమ్మకి మొత్తం చెప్పాను. అమ్మ వింది. ఒక్క మాటా అనలేదు. ఒకరోజు గడిచింది, రెండురోజులు గడిచాయి. ఇంట్లో గడియారం చప్పుడు తప్ప మరేం లేదు. అమ్మ మాట్లాడకపోతే నాకెంత భయమో ఆమె దగ్గర పాఠం చెప్పించుకున్న ప్రతివాడికీ తెలుసు.

ఈలోగా ఆ మాట ఎత్తకుండా, పని కోసం మాత్రం వర్క్‌షాపుకి వెళ్తూ వచ్చాను; ఆమె తాతగారి ఫోటో తీసింది. ఒక్క క్లిక్, కంటి ప్రతి గీతా స్పష్టంగా! కంట్లో ఎర్రజీరల్లా అతికించడానికి ఆమె వాడే ఎర్రపట్టు దారం చూసి తాతగారు, "ఇది నాసిరకం తల్లీ, పోగులు లేస్తాయి," అని తన పెట్టెలోంచి దారపుకండె తెచ్చిచ్చాడు. నాలుగురోజుల తర్వాత ఆమె ఆయనకి కన్ను అమర్చి అద్దం చేతికిచ్చింది. ఆయన అటు తిరిగి చూసుకున్నాడు, ఇటు తిరిగి చూసుకున్నాడు. అద్దం బోర్లించి, "ఫోటోకి నాకో కోటు కుట్టుకోవాలి. టైమ్ లేదు," అని హడావిడిగా మెట్లు దిగిపోయాడు.

మేమిద్దరం ఒకరినొకరం చూసుకుని నవ్వుకున్నాం. అప్పుడే మెట్లమీద ఇంకో అడుగుల చప్పుడు. అమ్మ! ఎవరికీ చెప్పకుండా వచ్చేసింది.

"కూర్చోండి," అంటూ ఆమె కంగారుగా లేచింది. అమ్మ దగ్గర్లో ఉన్న కుర్చీలో, ఆమెకి ఎడమపక్కన కూర్చుంది. పని గురించి అడిగింది, చదువు గురించి అడిగింది. ఆమె మాటమాటకీ మెడంతా తిప్పి జవాబు చెబుతోంది. నేను తలుపు దగ్గర రాయిలా నిలబడ్డాను.

ఉన్నట్టుండి అమ్మ అడిగింది. "నాతో మాట్లాడ్డానికి మెడ అంతలా తిప్పుతున్నావేం తల్లీ?"

"ఎడమవైపు నాకు కనబడదండీ." దాచలేదు, గొంతు తగ్గించలేదు.

అమ్మ బ్యాగు తీసుకుని లేచింది. వెళ్లిపోతుందనుకున్నాను.

అమ్మ బ్యాగు భుజాన తగిలించుకుని, కుర్చీని రెండు చేతులతో ఎత్తి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, ఆమెకి కుడిపక్కన వేసుకుని కూర్చుంది.

"ఇప్పుడు కనబడుతున్నానా?"

"కనబడుతున్నారండీ," అంది ఆమె. ఈసారి మెడ తిప్పే పని లేకపోయింది.

"'అండీ' ఏమిటి, చక్కగా అత్తయ్యా అను." అమ్మ నావైపు తిరిగింది. "అలా గుడ్లప్పగించి నిలబడ్డావేంరా? నువ్వూ ఒక కుర్చీ తెచ్చుకో. ఇటువైపే వెయ్యి."