దిబ్బ మీది పచ్చగడ్డి

"పాలమ్మే రామక్క ఇంట్లోనే మనవరాలికి ప్యాకెట్ పాలు తాపుతుండారంట!" అన్నది టీచరు వత్సల. ఆ మాటను కోరమండల్ గని కార్మికుల లైన్ ఇండ్లన్నీ తిప్పి రామక్క గడపలోకి మోసుకొచ్చింది పూలమ్మే నంజుండప్ప పెండ్లాం. "నేనన్లేదు తల్లీ, ఆ టీచరమ్మే అనింది. వాళ్ళ పాలు వాళ్ళకే పనికిరావా అనిందంట," అంటూ మూర పూలు కొలిచిచ్చి చల్లగా వెళ్ళిపోయింది.

"బడి లేని పూట ఆమెకు మా చెత్తబుట్ట వెతికే పనా?" అని రామక్క తిట్టిపోసింది. తిడుతూనే బుట్టలోని ఖాళీ ప్యాకెట్లు ఏరి కాగితంలో చుట్టేసింది.

బంగారు గనులు మూసినప్పటినుంచి ఊరి నడుమ బూడిదరంగు కొండల్లా పడున్నాయి, బంగారం తీయగా మిగిలిన సైనైడ్ మట్టి దిబ్బలు. గాలికి ఆ విషపు దుమ్ము లేవకుండా సర్కారు ఎర్రమన్ను కప్పించి, పైన గడ్డి నాటించి, చుట్టూ కంచె వేయించింది. కంచె కాపలా రామక్క కొడుకు అంబరీష్‌ది. ఎండలకు ఊళ్ళో ఎండుకసువు కూడా దొరకని రోజుల్లో దిబ్బ మీద మోకాలెత్తు పచ్చదనం. అతను మూట కట్టి బండి మీద తెచ్చేవాడు. రెండావులూ చెంబులు నింపినాయి.

పోయిన వానల్లో మన్ను పరీక్ష చేసేవాళ్ళు వచ్చి, ఆ గడ్డి కింది విషాన్ని పీల్చుకుంటుందనీ, పశువు తింటే పాలల్లోకి దిగుతుందనీ చెప్పిపోయినారు. అంబరీష్ ఆ మాట తల్లి చెవిన వేసినాడు.

"ఇంగ తేనమ్మా," అన్నాడు.

"తేకుంటే ఆవులకు నా కొంగు మేపేదా? మన పాపకు నేను ప్యాకెట్ తెస్తాలే. నీ పెండ్లానికి మాత్రం చెప్పొద్దు, కుళాయి కాడ దాని నోరు నిలవదు." తాను పాలు పోసే వాడకం ఇండ్లలోని బిడ్డలు ఆమెకు గుర్తుకు రాలేదని కాదు. వచ్చినారు. ఆమే పక్కకు నెట్టేసింది. ఆవు పాలతో తాగే తన టీ సంగతంటావా, ముసలి పేగులు, వాటికేమైతాది అనుకుంది.

మొదటి ప్యాకెట్ తెచ్చిన రోజు కోడలు పుష్పావతి ముఖం మాడ్చుకుంది. "ఇంట్లో ఆవులు కట్టుకొని బిడ్డకు ప్యాకెట్ పాలా అత్తా? మా పుట్టినూరు రాయల్పాడులో తెలిస్తే ఉమ్మేస్తారు."

"డాక్టరు చెప్పినాడు. చెప్పినట్టు చెయ్యి." అంతటితో ఆ మాట తెగిపోయింది.

ఈ పొద్దు రామక్క మనవరాలిని ఒడిలో కూర్చోబెట్టుకొని అరచేతులకు కొబ్బరినూనె రాస్తోంది. గరగరలాడే చర్మం, మధ్యలో నల్లటి చుక్కలు. "మట్టిలో ఆడొద్దంటే వింటివా చైత్రా? ఏమే పుష్పా, టీ ఇట్లా పలచగా ఉండాదేమే?"

"పొడి అయిపోవచ్చింది అత్తా," అనింది వంటింట్లోంచి కోడలు.

అప్పుడే వత్సల చెంబు పట్టుకొని గుమ్మంలోకి వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"రామక్కా, ఒక మాట అడుగుతా, నిజం చెప్పు. మా మనవడు మోహన్ అరచేతులు గట్టిపడి నల్లచుక్కలు లేచినాయి. నీళ్ళు యాడివి, పాలు యాడివి అని డాక్టరు అడిగినాడు. నీళ్ళు మేము కొనేవే. పాలు మాత్రం నీవి."

రామక్క మనవరాలి పిడికిళ్ళు మూసి కొంగు కింద పెట్టేసింది. "నీ కోడలు పిల్లోడి చేతులు కడిగితే గదా టీచరమ్మా! ఉద్యోగమని పొద్దున్నే మారికుప్పం రైలెక్కి పోతాది. అమ్మ లేని బిడ్డలాగ వాడు యాడ పొర్లినాడో, ఏం తిన్నాడో!"

వాకిట్లో అంబరీష్ బండి ఆగింది. వెనక గోనెపట్టా కింద పచ్చగా పొడుచుకొచ్చిన గడ్డిని చూసి వత్సల, "అది కంచె లోపలిది గదా అంబరీషా?" అనింది. అంబరీష్ గోనెపట్టా లాగి గడ్డిని కప్పేసినాడు.

"చెరువు గట్టుది!" రామక్క లేచి నిలబడింది. చైత్ర నెత్తిన చెయ్యి పెట్టింది. "ఇదిగో, నా మనవరాలి మీద ఒట్టు. ఈ బిడ్డ తాగేది కూడా మా ఆవు పాలే. విషమైతే నా బిడ్డకు తాపుతానా?"

ఆ ఒట్టు విని వత్సల, "తప్పయింది రామక్కా, పిల్లోడి బాధ చూసి అనేసినా," అని చెంబు చాచింది. రామక్క నిండా పోసింది. పైన ఒక గ్లాసు కొసరు కూడా వేసింది.

ఆమె మలుపు తిరగ్గానే అంబరీష్ తల్లి మీదకొచ్చినాడు. "పసిబిడ్డ తల మీద దొంగ ఒట్టా? నువ్వు మనిషివేనా?"

"గడ్డి తెచ్చేది నువ్వు, నీతులూ నువ్వే చెప్తావా? ఏమైతాదిరా? విషముండాదని నువ్వు చెప్పిన రోజునుంచి మన పాపకు ఆ పాలు చుక్క తాపనిచ్చినానా? పరాయి బిడ్డలను వాళ్ళ వాళ్ళు చూసుకుంటారు."

నడవాలో గ్లాసు పడిన చప్పుడయింది. ఆ మాటలన్నీ విన్న పుష్పావతి చైత్ర నోటికాడి పాలగ్లాసును చేత్తో కొట్టేసింది. బిడ్డ బిక్కచచ్చి ఏడుస్తోంది. ఆ చిన్న అరచేతులు విప్పి, నల్లచుక్కల మీద వేలితో రుద్దుతోంది పుష్పావతి, అవి చెరిగిపోతాయన్నట్టు.

"పిచ్చిదానా, అవెందుకు పారబోస్తివే? అవి ప్యాకెట్ పాలు గదా!"

"కాదు. ఆవు పాలు."

రామక్క కిందపడిన గ్లాసు తీసి వాసన చూసింది. "మరి... నేను దినామూ తెచ్చిన ప్యాకెట్లు ఏమయినాయే?"

పుష్పావతి తలెత్తింది. కళ్ళలో ఒక్క చుక్క నీరు లేదు.

"నువ్వే తాగినావు అత్తా. రెండు పూట్లా, టీలో."